జాన్ హైస్‌మన్

ఏ ఆటకైనను నియమములే ప్రాణము. చెడుగుడు ఆడు బాలురు కూత తెగినదా, తెగలేదా యని తగవు పడుట మనమందఱము చూచినదే. ఆ తగవు తీర్చుటకు ఇరుపక్షములకును చెందని పెద్ద యొకడు కావలెను. అతడు చూచి చెప్పినదే తీర్పు. కాని, జరిగినదానిని అతడు చూడకపోయినచో నేమి చేయవలెను? ఆ నియమమే ఆడువారి ప్రాణములకు ముప్పు తెచ్చునదైనచో దానిని కాపాడవలెనా, మార్చవలెనా? ఈ ప్రశ్నలు రెండును ఒకనాడు ఒక యాట చూచుచుండగా ఒక యువకుని మనస్సున పుట్టినవి. వానికి సమాధానము దొరకుటకు 11 సంవత్సరములు పట్టినది. ఆ యువకుడే అమెరికా దేశమున ప్రసిద్ధి గాంచిన క్రీడాశిక్షకుడు జాన్ విలియం హైస్‌మన్.

హైస్‌మన్ 1869వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరమున జన్మించెను. అతని తలిదండ్రులు జర్మనీనుండి వలస వచ్చినవారు. అతని బాల్యము పెన్సిల్వేనియా రాష్ట్రములోని టైటస్‌విల్ అను నూరిలో గడచినది. 1859లో అచట భూమిలోనుండి నూనె పడుటతో ఆ చిన్న యూరు దేశమంతట పేరొందెను. నూనె నింపుటకు పీపాలు కావలెను గదా! హైస్‌మన్ తండ్రి పీపాలు చేయించు వృత్తిలో నుండెను. బాలుడు చదువునందును, నాటకములందును, ఆటలందును సమానమైన ఆసక్తి చూపుచుండెను. షేక్స్‌పియరు నాటకములపై అతనికి కలిగిన ప్రీతి జీవితాంతము వఱకు తగ్గలేదు. పెద్దవాడైన పిమ్మట వేసవి సెలవులలో రంగస్థలముపై వేషములు ధరించుటయు కలదు.

1887లో అతడు బ్రౌన్ విశ్వవిద్యాలయమున చేరెను. రెండేండ్ల తరువాత న్యాయశాస్త్రము చదువుటకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆ రెండు చోట్లను ఫుట్‌బాలు ఆడెను. పొడవునను బరువునను తనకంటె మిక్కిలి పెద్దవారైన వారిమధ్య నిలిచి ఆడవలసివచ్చినను వెనుదీయలేదు. చదువు ముగియనున్న కాలమున అతని కన్నులకు జబ్బు చేసెను. మూసియున్న భవనములో తీవ్రమైన విద్యుద్దీపముల వెలుగున ఆడిన యొక యాటయే దానికి కారణమని అతడు చెప్పుచుండెను. పరీక్షలను వ్రాయలేక నోటితో సమాధానములు చెప్పి 1892లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. పుస్తకములు చదువుట మాని కన్నులకు విశ్రాంతి నీయవలెనని వైద్యులు చెప్పిరి. న్యాయవాదికి గ్రంథములు చదువనిదే గడవదు. కావున అతడు ఆ వృత్తిని విడిచి ఒహాయోలోని ఓబర్లిన్ కళాశాలలో ఫుట్‌బాలు శిక్షకుడుగా చేరెను. ఆ యేడు ఆ జట్టు ఓటమి యనునది యెఱుగకుండెను.

ఇచట అమెరికా ఫుట్‌బాలు ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. పేరు ఫుట్‌బాలే యైనను అది మన పాఠశాలలలో ఆడు కాలిబంతి ఆట కాదు. ఇంగ్లాండులోని రగ్బీ యాటనుండి పుట్టినది. బంతి గుండ్రముగాక కోలగా నుండును. పక్షమునకు 11 మంది ఆడుదురు. బంతిని చేతబట్టుకొని ప్రత్యర్థుల చివరి గీతను దాటుటయే వారి ఉద్దేశము. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టరు క్యాంపు అను నతడు 1880లో ఈ యాటకు క్రొత్తరూపము కల్పించెను. ఇరుపక్షములును ఒక గీతకు అటునిటు ఎదురెదురుగా నిలువవలెను. బంతి యొక పక్షము వారి అధీనముననే యుండి, ప్రతి విడతయందును ఆ గీతనుండియే ఆట ఆరంభము కావలెను. 1882లో మఱియొక నియమము చేరినది. మూడు విడతలలో 5 గజములైనను ముందునకు పోలేని పక్షమువారు బంతిని ఎదుటివారికి ఒప్పగింపవలెను. తోటివానికి బంతిని వెనుకకు గాని, ప్రక్కకు గాని విసరవచ్చును. ముందునకు విసరుట మాత్రము నిషిద్ధము.

5 గజములు పెద్ద దూరము కాదు. దానిని సాధించుటకు నేర్పుకంటె బలమే సులభమైన సాధనమని జట్లవారు కనుగొనిరి. బంతి పట్టినవానిని నడుమ నుంచుకొని, పదిమందియు ఒకరినొకరు పట్టుకొని, ఒక్క గుంపుగా ఎదుటివారిపై పడుచుండిరి. ఎదుటివారును అట్లే గుంపుగా అడ్డుకొనుచుండిరి. అడుగున పడినవాని గతి యేమగునో ఎవరికిని తెలియదు. తలకు పెట్టుకొను టోపీలు గాని, శరీరమునకు తగిన రక్షణ గాని ఆ దినములలో సరిగా లేవు. ఎముకలు విరుగుట సామాన్య విషయము. ఏటేట కొందఱు బాలురు ప్రాణములు కోలుపోవుచుండిరి. తన విద్యార్థులను మైదానమునకు పంపునపుడెల్ల ఈ భయము హైస్‌మన్ మనస్సును వేధించుచుండెను.

1895లో అతడు అలబామా రాష్ట్రములోని ఆబర్న్ కళాశాలకు శిక్షకుడయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరు నెలలో అట్లాంటా నగరమున నార్త్ కరోలినా, జార్జియా విశ్వవిద్యాలయముల జట్లు తలపడినవి. ప్రత్యర్థుల ఆటతీరు తెలిసికొనవలెనని హైస్‌మన్ ఆ యాట చూడబోయెను. అచట జరిగినదానిని అతడు తరువాత పలుమార్లు వర్ణించి చెప్పెను.

నార్త్ కరోలినావారు తమ చివరి గీతకు సమీపమున చిక్కుకొనియుండిరి. వారిలో నొకడు బంతిని దూరముగా తన్నుటకై వెనుకకు జరిగెను. ఇంతలో జార్జియావారు పెల్లుబికి వానిపై వచ్చిపడిరి. తన్నుటకు చోటు చాలలేదు. అతడు ప్రక్కకు పరుగెత్తి, దిక్కు తోచక, బంతిని ముందునకు విసరివైచెను. అది ప్రత్యర్థుల తలలమీదుగా పోయి, అతని జట్టువాని చేతులలో పడెను. వాడు సుమారు 70 గజములు పరుగెత్తి చివరి గీత దాటెను. జార్జియా శిక్షకుడు గ్లెన్ వార్నరు ఇది నియమవిరుద్ధమని గట్టిగా అభ్యంతరము చెప్పెను. కాని రిఫరీ బంతి విసరుటను చూడలేదు. చూడని తప్పునకు శిక్ష విధింపలేనని అతడు గెలుపును నిలుపుచేసెను. నార్త్ కరోలినావారు 6–0 తేడాతో నెగ్గిరి.

జార్జియావారు తమకు అన్యాయము జరిగినదని మండిపడిరి. నార్త్ కరోలినావారు అదృష్టము కలిసివచ్చినదని పొంగిపోయిరి. హైస్‌మన్ ఈ రెంటికిని అతీతమైన మఱియొక విషయము గ్రహించెను. బంతి గాలిలోనికి లేచిన ఆ క్షణమున ఒకరిపై నొకరు పడియున్న గుంపు విడిపోయినది. అందఱును తలలెత్తి చూచుచు నలుదిక్కులకు పరుగెత్తిరి. త్రొక్కిసలాట ఒక్క నిమిషములో పరుగుపందెముగా మారినది. బంతిని ముందునకు విసరుటకు అనుమతించినచో రక్షించువారు ఒక్కచోటనే గుమికూడలేరు. ఆట విశాలమగును. ప్రాణములు నిలుచును. రిఫరీ కంటబడని ఆ తప్పునందే ఆటకు మేలు దాగియున్నదని హైస్‌మన్ నమ్మెను.

ఇతడు యుక్తులు పన్నుటలో దిట్ట. అదే సంవత్సరము వాండర్‌బిల్టు జట్టుతో ఆడునపుడు అతని శిష్యులు బంతిని అంగీలో దాచి ఎదుటివారిని మోసపుచ్చిరి. ఆనాటి నియమములలో దానిని నిషేధించు మాట లేదు. ముందునకు విసరుట అట్టిది కాదు. దానిని నియమము స్పష్టముగా కాదన్నది. రిఫరీ చూడని వేళ కనిపెట్టి విసరుడని శిష్యులకు బోధించినచో ఒకటి రెండు గెలుపులు దక్కియుండెడివేమో! హైస్‌మన్ పట్టిన మార్గము అది కాదు. న్యాయశాస్త్రము చదివిన అతనికి చట్టమును దాటుటకును, చట్టమును మార్పించుటకును గల భేదము తెలియును. నియమములు చేయు సంఘములో వాల్టరు క్యాంపు మాటకు తిరుగులేదు. హైస్‌మన్ అతనికి లేఖ వ్రాసి, ముందునకు విసరుటను అంగీకరింపుమని కోరెను. క్యాంపు అంగీకరింపలేదు. తాను తీర్చిదిద్దిన యాట తన చేతిలోనే రూపుమాయుట అతనికి ఇష్టము లేకుండెను. విచిత్ర మేమనగా, 1876లో ప్రిన్స్‌టన్ జట్టుపై ఆడుచు, తనను పట్టి పడద్రోయుచుండగా క్యాంపే బంతిని ముందునకు విసరెననియు, తగవు తీర్పలేక అధికారి నాణెము నెగురవేసి నిర్ణయించెననియు ఒక కథ కలదు.

సంవత్సరములు గడచినవి. 1900లో హైస్‌మన్ క్లెమ్సన్ కళాశాలకును, 1904లో అట్లాంటాలోని జార్జియా టెక్ విద్యాసంస్థకును శిక్షకుడుగా పోయెను. ఎచట నున్నను తన వాదమును విడువలేదు. పత్రికలలో వ్రాసెను. మఱల మఱల విన్నవించెను. సంఘములోని జాన్ బెల్, పాల్ డాషియెల్ అనువారు అతని పక్షమునకు వచ్చిరి. ఇంతలో 1905వ సంవత్సరము వచ్చినది. ఆ యేటి ఆటలలో 18 మంది మరణించిరని షికాగో నగరపు పత్రిక యొకటి లెక్క కట్టి ప్రకటించెను. వారిలో పెక్కుమంది పాఠశాలలలో చదువుకొను బాలురు. దేశమంతయు కలతపడినది. కొన్ని కళాశాలలు ఈ యాటను మానివేసినవి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయముల వారిని తన భవనమునకు పిలిపించి, ఆటను చక్కదిద్దుకొనుడని హెచ్చరించెను. ఆ డిసెంబరులో పలు కళాశాలల ప్రతినిధులు న్యూయార్కులో సమావేశమై క్రొత్త సంఘము నేర్పఱచిరి. పాత సంఘమును క్రొత్త సంఘమును కలిసి 1906లో నియమములను తిరిగి వ్రాసినవి. అందు బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించినది. హైస్‌మన్ కోరిక నెఱవేరినది.

అయినను ఆ అనుమతి పెక్కు కట్టుబాట్లతో వచ్చినది. ఆరంభరేఖకు వెనుకనుండియే విసరవలెను. ఆట మొదలైన చోటికి కుడివైపున గాని, ఎడమవైపున గాని 5 గజములు ఎడముగా బంతి రేఖను దాటవలెను. ఎవరికిని తగులక నేలబడినచో బంతి ప్రత్యర్థుల పాలగును. ఆ 5 గజములను కొలుచుటకు మైదానములో అడ్డగీతలతోపాటు నిలువుగీతలు కూడ గీయవలసివచ్చెను. మైదానము చదరంగపు బల్లవలె కనబడుచుండెను. 1906 సెప్టెంబరు 5వ తేదీన సెయింట్ లూయీ విశ్వవిద్యాలయపు ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ నియమానుసారముగా ముందునకు బంతి విసరినవారిలో ప్రథముడయ్యెను. ఆ మొదటి విసరుట విఫలమై బంతి ఎదుటివారికి చిక్కినది. అతడు నిరుత్సాహపడక మఱల విసరి కృతార్థుడయ్యెను. ఆటలోని అపాయములు ఒక్కసారిగా తొలగిపోలేదు. 1909లో మఱల మరణములు సంభవించినవి. 1910లో బంతి పట్టినవానిని తోయుటయు, లాగుటయు నిషేధించిరి. 1912లో విడతలు నాలుగయ్యెను. ముందుపాసునకు గల దూరపు హద్దు తొలగిపోయెను. 1913లో నోటర్‌డామ్ జట్టువారు ముందుపాసులతో సైనిక విద్యాలయపు జట్టును 35–13 తేడాతో ఓడింపగా, దాని శక్తి యెట్టిదో దేశమంతయు తెలిసికొన్నది.

నియమము మారినంతమాత్రమున రిఫరీ పని తేలిక కాలేదు, మఱింత కష్టమయ్యెను. ముందుపాసును ఒక విడతలో ఒక్కసారి మాత్రమే, అదియును ఆరంభరేఖ వెనుకనుండియే విసరవచ్చును. వెనుకపాసు నెన్నిసారులైనను, ఎచటనుండి యైనను విసరవచ్చును. నేటి నియమము ప్రకారము ముందుపాసు ఎవరికిని చిక్కక నేలబడినచో ఆట ఆగిపోవును. వెనుకపాసు నేలబడినచో ఆట ఆగదు. బంతి ఎవరి చేజిక్కిన వారిది. కావున ఒక్క అడుగు తేడాతో గెలుపు ఓటమి తారుమారగును.

మఱి ముందేదో, వెనుకేదో నిర్ణయించు టెట్లు? విసరినవాని ముఖము ఎటున్నదో చూడరాదు. బంతి అతని చేతిని విడిచిన చోటును, అది మొదట నేలనో, మనిషినో తాకిన చోటును చూడవలెను. రెండవ చోటు ప్రత్యర్థుల గీతవైపు ముందుగా నున్నచో అది ముందుపాసు. సరిసమానముగా నున్నను, వెనుకగా నున్నను అది వెనుకపాసు. ఒక ఉదాహరణము చూతము. ఒకడు సెకనుకు 6 గజముల వేగముతో పరుగెత్తుచు, సెకనుకు 4 గజముల వేగముతో బంతిని వెనుకకు విసరె ననుకొందము. పరుగెత్తువాని వేగము బంతికిని కలదు గదా! అందుచేత నేలనుబట్టి చూచినచో ఆ బంతి సెకనుకు 2 గజముల చొప్పున ముందునకే పోవును. విసరినవాడు బంతి తన వెనుకకు పోయినదనును. గీతప్రక్క నిలిచిన అధికారి అది ముందునకు వచ్చినదనును. ఇద్దఱును అబద్ధమాడుట లేదు. కాని తీర్పునకు ప్రమాణము మైదానపు గీతయే గాని, పరుగెత్తువాని వీపు కాదు. అందువలననే అధికారి యొకడు ఆరంభరేఖకు సరిగా ప్రక్కన నిలిచి చూచును. వెనుకపాసని తోచినచో చేయి వెనుకకు చాచి తోటివారికి సంజ్ఞ చేయును. రేఖకు వెనుకనుండి విసరిన బంతి ముందుదో వెనుకదో తేలక సందేహము కలిగినచో ముందుపాసుగానే యెంచవలెనని కళాశాలల నియమావళి చెప్పుచున్నది.

అట్లాంటాలో హైస్‌మన్ చూచిన తగవువంటిదే 2000వ సంవత్సరము జనవరి 8వ తేదీన టెనెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున జరిగినది. ఆట ముగియుటకు 16 సెకనులు మాత్రమే యున్నవి. బఫెలో జట్టు 16–15 తేడాతో ముందున్నది. వారు తన్నిన బంతి టెనెసీ జట్టువారికి దొరకినది. ఫ్రాంక్ వైచెక్ దానిని మైదానమునకు అడ్డముగా కెవిన్ డైసన్ వైపు విసరెను. డైసన్ 75 గజములు పరుగెత్తి చివరి గీత దాటెను. తన్నిన బంతిని పట్టినవారు దానిని ముందునకు విసరరాదు. వైచెక్ విసరినది ముందునకా, కాదా? రిఫరీ ఆట చిత్రములను తిరిగి చూచి, మైదానములో ఇచ్చిన తీర్పును మార్చుటకు తగిన ఆధారము లేదని నిలిపెను. టెనెసీ 22–16 తేడాతో గెలిచినది. దానినిగూర్చి ప్రేక్షకులు పిమ్మటను వాదించుకొనుట మానలేదు. 1895లో రిఫరీ చూడక తీర్పు చెప్పెను. 2000లో పలుమార్లు చూచి తీర్పు చెప్పెను. చూచుటకు సాధనములు పెరిగినవి గాని, నిర్ణయించు భారము మనుష్యునిదే యయినది.

జార్జియా టెక్‌లో హైస్‌మన్ 16 సంవత్సరములు పనిచేసి పెక్కు విజయములు పొందెను. అతని జీవితమున లోపములును లేకపోలేదు. 1916 అక్టోబరు 7వ తేదీన అతని జట్టు కంబర్లాండు కళాశాల జట్టును 222–0 తేడాతో ఓడించినది. అంతకుముందు బేస్‌బాలు ఆటలో కంబర్లాండువారు జార్జియా టెక్ జట్టును 22–0 తేడాతో ఓడించియుండిరి. ఆ పరాభవమునకు బదులు తీర్చుకొనుటకే హైస్‌మన్ ఇట్లు చేసెనని చెప్పుదురు. గెలుపుల విలువను పాయింట్ల మొత్తముతో తూచు పత్రికలకు బుద్ధి చెప్పవలెనను కోరికయు అతనికి కలదు. కారణ మేదైనను, చేతగాని ప్రత్యర్థిని అంతగా అవమానించుట ఘనకార్యము కాదు. ఆనాడు జార్జియా టెక్ జట్టు ఒక్క ముందుపాసైనను విసరలేదు. ఏ విద్యకొఱకు హైస్‌మన్ అన్ని సంవత్సరములు పోరాడెనో, దానితో ఆనాడు పనియే లేకపోయెను. మరుసటి యేట అదే జట్టు దేశములోకెల్ల మిన్నయని పేరు పొందినది.

1927 వఱకు శిక్షకుడుగా నుండి, పిమ్మట హైస్‌మన్ న్యూయార్కు నగరమున డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్బునందు క్రీడాధ్యక్షుడయ్యెను. ఆ క్లబ్బువారు కళాశాల ఆటగాండ్రలో ఉత్తముడైనవానికి బహుమానము నీయ సంకల్పించిరి. ఈ యాటలో గెలుపు జట్టునకు చెందునుగాని ఒక్కనికి చెందదని హైస్‌మన్ మొదట ఒప్పుకొనలేదు. తుదకు అంగీకరించెను. 1935లో షికాగో విశ్వవిద్యాలయపు ఆటగాడు జే బర్వాంగర్ ఆ బహుమానమును మొదట పొందెను. 1936 అక్టోబరు 3వ తేదీన హైస్‌మన్ పరలోకగతుడయ్యెను. ఆ యేటినుండి ఆ బహుమానమునకు అతని పేరే పెట్టిరి. హైస్‌మన్ ట్రోఫీ లభించుట కళాశాల ఆటగాండ్రు మహాగౌరవముగా నెంతురు.

హైస్‌మన్ ఆటలో కీర్తి గడించినవాడు మాత్రమే కాడు, ఆటను మార్చినవాడు. ఒకనాడు జనులు చూచుచుండగా జరిగిన తప్పును రిఫరీ చూడలేదు. తక్కినవారు ఆ తప్పును మాత్రమే చూచిరి. కన్నుల జబ్బుచే న్యాయవాదవృత్తి విడిచిన హైస్‌మన్ ఆ తప్పు వెనుకనున్న మేలును చూచెను. చూచి ఊరకుండక, నియమమును చాటుగా దాటక, మార్పింపవలసినవారిని ఒప్పించుటకు ఓర్పుతో పాటుపడెను. నియమములు మనుష్యుల మేలుకొఱకు ఏర్పడినవి. అవి హాని చేయునపుడు వానిని మార్చుట ధర్మము. మార్చునంతవఱకు వానిని మన్నించుటయు ధర్మమే. ఈ రెండు ధర్మములను కలిపి నడచుట కష్టమైనను సాధ్యమేయని హైస్‌మన్ చరిత్ర మనకు చాటుచున్నది.